స్మోక్డ్ సాల్మన్ క్రీమ్ పాస్తా: చేప వేసేది స్టవ్ కట్టేశాకే

పాస్తా ఉడికేలోపు సాస్ తయారైపోయే వంట ఇది. నీళ్లు మరిగాక పావుగంట చాలు.

ఇద్దరికి పాస్తా 200 గ్రాములు, స్మోక్డ్ సాల్మన్ (పొగబెట్టిన సాల్మన్ చేప) 120 గ్రాములు, క్రీమ్ 150 మిల్లీలీటర్లు, వెన్న ఒక పెద్ద చెంచా, ఒక చిన్న ఉల్లిపాయ, అర నిమ్మకాయ, మిరియాలు. గొట్టాల్లా ఉండే పెన్నె గానీ, సీతాకోకచిలుకల్లా ఉండే ఫర్ఫాల్లె గానీ తీసుకోండి. 1980లలో ఇటలీలో ఈ వంట ఊపు మీద ఉన్నప్పుడు ఎక్కువగా వాడింది పెన్నెనే. గొట్టాల్లోకి సాస్ బాగా దూరుతుంది.

రెండు లీటర్ల నీళ్లకు మామూలుగా 20 గ్రాముల ఉప్పు వేస్తారు. ఇక్కడ 10 చాలు, చేపలోనే బోలెడు ఉప్పుంది. ప్యాకెట్ మీద 11 నిమిషాలని ఉంటే 9 నిమిషాలకే పాస్తా తీసేయండి, మిగతాది సాస్‌లో ఉడుకుతుంది. వార్చే ముందు ఒక కప్పు గంజి పక్కన పెట్టుకోవడం మరవద్దు. పాస్తాను చన్నీళ్లతో కడిగితే పైనున్న పిండి పోయి, సాస్ అంటుకోకుండా జారిపోతుంది.

ఈలోగా వెన్నలో సన్నగా తరిగిన ఉల్లిపాయను ఎర్రబడనీయకుండా మగ్గించి, క్రీమ్ పోసి, సన్నటి సెగ మీద రెండు నిమిషాలు ఉంచండి. మన దగ్గర డబ్బాల్లో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే. తెర్లనిస్తే విరిగే ప్రమాదం ఉంది, అందులో నిమ్మరసం పడితే ఇక చెప్పక్కర్లేదు. అమెరికాలో దొరికే హెవీ క్రీమ్‌లో 36 శాతం కొవ్వు ఉంటుంది కాబట్టి కాస్త తట్టుకుంటుంది. ఇంట్లో తీసిన మీగడ మాత్రం వద్దు, ఉండలు కట్టి నెయ్యి తేలుతుంది.

పాస్తా, అర కప్పు గంజి సాస్‌లో వేసి ఒకటి రెండు నిమిషాలు గరిటెతో బాగా తిప్పండి. గంజిలోని పిండి వల్లే క్రీమూ నీళ్లూ విడిపోకుండా కలుస్తాయి. దించేటప్పుడు సాస్ పల్చగా అనిపించాలి. కంచంలోకి వెళ్లేసరికి చిక్కబడుతుంది.

ఇప్పుడు స్టవ్ కట్టేయండి. వేలెడు ముక్కలుగా చింపిన చేప, నిమ్మతొక్క తురుము, రెండు చెంచాల నిమ్మరసం, మిరియాల పొడి వేసి రెండుసార్లు కలిపితే సరి. పాస్తా వేడే చేపకు చాలు. మంట మీద ఉడికిస్తే తెల్లగా పాలిపోయి, ముక్క చితికి, ఉప్పు కషాయంలా తగులుతుంది. ఉప్పు చూడాల్సింది కూడా ఇప్పుడే. చీజ్ వేయకపోతేనే మేలు, పొగ వాసనను మింగేస్తుంది. డిల్ ఆకు దొరక్కపోతే ఉల్లికాడలు చల్లండి.

గర్భిణులకు పెట్టేటట్టయితే లెక్క మారుతుంది. పల్చటి పొరలుగా వచ్చే సాల్మన్ చల్లటి పొగలో తయారైంది, ఉడికింది కాదు. లిస్టీరియా అనే బాక్టీరియా భయం ఉంటుంది. రుచి కాస్త తగ్గినా, చేపను పొగలు కక్కేదాకా వేడిచేసి వడ్డించాలి.

స్మోక్డ్ మాకెరల్ వాడితే తోలు, ముళ్లు తీసి వేయండి. ఎండుచేపతో మాత్రం ప్రయత్నించకండి. దాని ఉప్పూ వాసనా పులుసులోనే ఇముడుతాయి, క్రీమ్‌లో కాదు.

మిగిలితే మర్నాడు రెండు చెంచాల పాలు పోసి సన్నటి సెగ మీద వెచ్చబెట్టుకోండి. మైక్రోవేవ్‌లో పెడితే నూనె తేలి, ఇల్లంతా నీచు వాసన.