జబ్బుపడ్డ పిల్లి తిండి మానేస్తే

వీధిలోంచి తెచ్చుకున్న పిల్లి పెద్ద జబ్బు నుంచి కోలుకుంటున్నప్పుడు మందుల కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది తిండే. మనం రెండ్రోజులు పస్తున్నా తట్టుకుంటాం, పిల్లి అలా కాదు. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి లివర్‌లో పేరుకుపోవడం మొదలవుతుంది. అది ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఒక్కరోజు పూర్తిగా ముట్టకపోయినా డాక్టరుకి చెప్పేయండి, రేపు చూద్దాంలే అనుకోవద్దు.

పిల్లికి ఆకలి ముక్కులోంచి పుడుతుంది. జలుబుతో ముక్కు మూసుకుపోతే గిన్నె ఎదురుగా ఉన్నా పట్టించుకోదు. తడి దూదితో ముక్కు మెల్లగా తుడిచి, తడి ఆహారాన్ని సుమారు 38 డిగ్రీలకి, అంటే దాని ఒంటి వేడికి, గోరువెచ్చగా చేసి పెట్టండి. వాసన తగిలాక చాలా పిల్లులు కనీసం నాకి చూస్తాయి. ఒకటి రెండు చెంచాలే, కానీ రోజుకి ఐదారు సార్లు. ముట్టకపోతే కాసేపటికి గిన్నె తీసేయండి. అదేపనిగా ముందుంచితే దానికి వెగటు పుడుతుంది. సిరంజితో పట్టాల్సి వస్తే డాక్టరు దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి. గొంతులోకి సూటిగా కొడితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

రోజూ ఒకే వేళకి తూకం మీద పెట్టి బరువు రాసుకోండి. కంటిని నమ్మొద్దు, బొచ్చు కింద ఎంత చిక్కిందో కనబడదు.

ఇంకొకటి, జ్వరం కదా అని పారాసెటమాల్ చిన్న ముక్క కూడా వేయకండి. పిల్లులకి అది విషం.