పాత లినక్స్ సర్వర్‌కు వీఎస్ కోడ్ కనెక్ట్ కాకపోతే ఏం చేయాలి?

వీఎస్ కోడ్ అనేది మైక్రోసాఫ్ట్ వారి కోడ్ రాసే ఎడిటర్. నిన్నటిదాకా పనిచేసిన రిమోట్ కనెక్షన్ (దూరంలోని సర్వర్‌తో లంకె) ఈ ఎడిటర్ అప్‌డేట్ అయ్యాక మొరాయిస్తే, చాలామంది ముందుగా పాస్‌వర్డ్‌నో ఫైర్‌వాల్‌నో అనుమానిస్తారు. టెర్మినల్ నుంచి మామూలుగా ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంలోని యంత్రంలోకి సురక్షితంగా వెళ్లే పద్ధతి) లాగిన్ అయి చూడండి. లోపలికి వెళ్లగలిగితే నెట్‌వర్క్ జోలికి పోనక్కర్లేదు.

వీఎస్ కోడ్ అవతలి యంత్రంలో తన సర్వర్ ప్రోగ్రామ్‌ను దించుకుని నడుపుతుంది. దానికి జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ 2.28 లేదా అంతకంటే కొత్తది కావాలి. 2024 ఆరంభంలో వీఎస్ కోడ్ 1.86 వెర్షన్‌తో ఈ షరతు వచ్చింది. గగ్గోలు రేగడంతో ఏడాది గడువు ఇచ్చారు. 2025లో వచ్చిన 1.99తో అదీ ముగిసింది. సెంటాస్ 7 అనే పాత లినక్స్‌లో ఉన్న జీలిబ్‌సీ 2.17. ఉబుంటు 18.04లో 2.27, అంటే ఒక్క మెట్టు కింద ఆగిపోయింది పాపం.

మొదట మీ సర్వర్‌లో ఏముందో చూడండి. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఎల్‌డీడీ అని రాసి, ఖాళీ వదిలి, రెండు అడ్డగీతల వెంట వెర్షన్ అని చేర్చి (ldd --version) నడిపితే మొదటి వరుస చివర ఆ సంఖ్య కనిపిస్తుంది. 2.28 కంటే తక్కువైతే కారణం దొరికినట్టే.

ఇక్కడ ఒక హెచ్చరిక. సిస్టంలోని జీలిబ్‌సీని తీసేసి కొత్తది పెట్టే ప్రయత్నం చేయకండి. సర్వర్‌లోని దాదాపు ప్రతి ప్రోగ్రామూ దాని మీదే ఆధారపడుతుంది. అది చెడితే లాగిన్ కూడా కాలేరు.

అన్నిటికంటే తేలిక దారి, మీ కంప్యూటర్‌లో వీఎస్ కోడ్ 1.98కి వెనక్కి వెళ్లడం. జిప్ రూపంలో దించుకుని, విప్పిన ఫోల్డర్‌లో డేటా పేరుతో (ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో) ఖాళీ ఫోల్డర్ పెడితే, విండోస్‌లో అది తన సెట్టింగులన్నీ అందులోనే దాచుకుంటుంది. కొత్త వెర్షన్ పక్కనే ఉన్నా రెండూ కలగాపులగం కావు. పాతదాన్ని మామూలుగా ఇన్‌స్టాల్ చేసుకున్నవారు సెట్టింగుల్లో అప్‌డేట్ మోడ్‌ను ఆపేయాలి, లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది. అయినా కనెక్ట్ కాకపోతే, కమాండ్ ప్యాలెట్‌లో (ఎడిటర్ ఆదేశాలను వెతికే పెట్టె) రిమోట్ సర్వర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసే ఆదేశం ఉంటుంది. దాన్ని నడిపి మళ్లీ ప్రయత్నించండి. ఇది తాత్కాలిక ఏర్పాటే. పాత ఎడిటర్‌కు భద్రతా సవరణలు రావు.

కొత్త ఎడిటరే కావాలంటే మైక్రోసాఫ్ట్ పత్రాల్లోనే ఇంకో దారి ఉంది. జీలిబ్‌సీ 2.28 ఉన్న సిస్‌రూట్‌ను (సిస్టం లైబ్రరీల విడి ప్రతి) సర్వర్‌లో వేరే ఫోల్డర్‌లో ఉంచి, ప్రోగ్రామ్ ఏ లైబ్రరీలు వాడాలో మార్చే ప్యాచ్‌ఎల్ఫ్ అనే సాధనం 0.18 లేదా అంతకంటే కొత్తది పెట్టి, లింకర్ (ప్రోగ్రామ్‌కు లైబ్రరీలను కలిపేది), లైబ్రరీలు, ప్యాచ్‌ఎల్ఫ్ ఎక్కడున్నాయో మూడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో (ప్రోగ్రామ్‌లు చదివే సిస్టం సెట్టింగులు) చెప్పాలి. సిస్టం లైబ్రరీ చెక్కుచెదరదు. కానీ సిస్‌రూట్ తయారుచేయడం ఓపికతో కూడిన పని, పైగా దీనికి అధికారిక మద్దతు లేదని వాళ్లే రాశారు. లైబ్రరీలు కంపైల్ చేసే అలవాటు లేనివారికి దీన్ని నేను సూచించను.

అడపాదడపా రెండు మూడు ఫైళ్లు దిద్దడమే మీ పని అయితే ఇంత హంగామా ఎందుకు? ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా ఫోల్డర్లను కలిపే ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ అనే సాధనంతో సర్వర్ ఫోల్డర్‌ను మీ కంప్యూటర్‌కే తగిలించుకోండి. సర్వర్ మీద ఎడిటర్ ప్రోగ్రామ్ ఏదీ నడవదు కాబట్టి జీలిబ్‌సీ గొడవే ఉండదు. పెద్ద ప్రాజెక్టులో వెతుకులాట మాత్రం నత్తనడకే.

సెంటాస్ 7కు 2024 జూన్ 30తోనే మద్దతు ఆగిపోయింది. సర్వర్ మీ చేతిలో ఉంటే, జీలిబ్‌సీ 2.31 ఉన్న ఉబుంటు 20.04కో అంతకంటే కొత్తదానికో మారే తేదీని ఇప్పుడే ఖాయం చేసుకోండి, అప్పటిదాకా 1.98తో నెట్టుకురండి.