సద్దుల బతుకమ్మ పూలకి గుడిమల్కాపూర్ పోతున్నారా? సంచికి ఒక గుర్తు కట్టుకోండి

వీధి చివర బండి మీద కొంటే రేటు ఎక్కువని ప్రతి ఏడూ తిట్టుకుంటాం, మళ్లీ ఆ బండి దగ్గరే నిలబడతాం. ఈసారైనా హైదరాబాద్‌లో మెహిదీపట్నం దాటి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి పోదామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

వీలైతే గునుగు ముందు రోజే కొనండి. కొనలు సమానంగా కత్తిరించి, రంగు నీళ్లలో ముంచి, రాత్రంతా నీడలో ఆరబెట్టాలి కదా. తడి ఆరకుండా పేరిస్తే ఆ గులాబీ రంగంతా పక్కనున్న చామంతి మీదకి, మీ చీర మీదకి దిగుతుంది. తంగేడు మాత్రం ఆ పొద్దున్నే తేవాలి, మధ్యాహ్నానికే వాడి రాలిపోతుంది. రెండుసార్లు పోవడం కుదరకపోతే తంగేడును తడిగుడ్డలో చుట్టి పెట్టుకోండి, కాస్త ఆగుతుంది. బంతి కిలోల లెక్కన కొంటారు కాబట్టి అక్కడ గట్టిగా బేరం ఆడండి. వెంటనే ఆయుధ పూజ, దసరా ఉంటాయి కనుక బండికీ గుమ్మానికీ కావల్సింది కూడా అప్పుడే కలిపి తీసుకోండి. గునుగు, తంగేడు కట్టలు ముందర పెట్టుకుని కూర్చునే అవ్వలతో మాత్రం బేరం వద్దు. వాళ్లు పొలం గట్ల మీద కోసి, మోసుకొచ్చి అమ్ముతున్నారు. గుమ్మడి ఆకులు మర్చిపోవద్దు, తాంబాలంలో అడుగున పరవడానికి అవే కావాలి. గుమ్మడి పువ్వు ఒకటి దొరికితే అదృష్టమే, గౌరమ్మ పక్కన ఎంత బాగుంటుందో!

ప్లాస్టిక్ కవర్లు వద్దు, పూలు ఉడికిపోతాయి. గోనె సంచి లేదా వెడల్పు బుట్ట తీసుకెళ్లండి. చిల్లర ఉంచుకోండి.

ఇవన్నీ అయ్యాక ఒక అరగంట ఖాళీ పెట్టుకోండి. ఎందుకో చెప్తా.

రెండేళ్ల కింద తంగేడు కోసం తెల్లవారుజామున పోయా. కొనడం అయిపోయి బయటికొస్తుంటే వాన దంచింది. ఒక టార్పాలిన్ కింద ముప్పై మందిమి ఇరుక్కున్నాం, ఎవరికి ఎవరూ తెలీదు, అందరి మొహాల్లో ఒకటే టెన్షన్, పూలు తడిస్తే ఎట్లా, సద్ది ఎప్పుడు కలపాలి, పులిహోరకి చింతపండన్నా నానబెట్టి రాలేదని ఒకామె ఫోన్లో ఇంట్లోవాళ్ల మీద అరుస్తోంది. గునుగు అమ్మే అవ్వ చూసి చూసి, "వాన ఆగేదాకా ఏం జేస్తరు బిడ్డా, బతుకమ్మ ఆడుండ్రి" అంది. నవ్వారందరూ. ఆమె నవ్వలేదు, చప్పట్లు మొదలుపెట్టింది. రెండు చప్పట్ల తర్వాత ఫోన్లో అరుస్తున్నామె ఫోన్ కట్ చేసి "ఉయ్యాలో" అని అందుకుంది! అంతే, సంచులన్నీ మధ్యలోకి కుప్పగా వచ్చాయి, వాటి చుట్టూ మేం. చోటు లేక వంగి చప్పట్లు కొడుతుంటే పక్కామె మోచెయ్యి తగులుతోంది, కింద కాళ్ల దగ్గర నలిగిన బంతి రెక్కలు, బురద. షాపుకి దండలు కొనడానికొచ్చిన అన్న ఒకాయన టార్పాలిన్ మీద నిలిచిన నీళ్లు మా మీద పడకుండా కర్రతో పైకి నెడుతూ నిలబడ్డాడు, ఆట అయ్యేదాకా కర్ర దించలేదు.

మీకూ అట్లా జరిగితే ఫోన్ బయటికి తీయకండి. ఒక్కరు తీసినా మిగతావాళ్లు సిగ్గుపడి ఆగిపోతారు. పాట రాకపోయినా పర్వాలేదు, చివర "ఉయ్యాలో" కలపడం వస్తే చాలు. మొదలుపెట్టే పని పెద్దావిడకి వదిలేయండి. మనం మొదలుపెడితే అంత కుదరదు, నేను పోయినేడు ప్రయత్నించి చూశా, చప్పట్లు కొడుతున్న నన్ను పార్కింగ్ అబ్బాయి ఒక్కడే చూశాడు.

ఇంక సంచి సంగతి. ఆ రోజు వాన తగ్గగానే ఎవరికి దొరికింది వాళ్లు ఎత్తుకుని ఉరికాం. ఇంటికొచ్చి విప్పితే నా చామంతి లేదు, నేను కొనని సీతజడ పూలు రెండు కట్టలున్నాయి, వాటి కింద తడిగుడ్డలో జాగ్రత్తగా చుట్టిన గుమ్మడి పువ్వు. మా బతుకమ్మ ఆ ఏడు సీతజడతోనే నిలబడింది. నా చామంతి ఎవరింట్లో పేర్చారో మరి. ఇప్పుడు మాత్రం సంచి చెవికి ఎర్ర రిబ్బన్ కట్టుకుని పోతున్నా.