ఆనియన్ రింగ్స్ వేయించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

పలుచటి పిండిపూతతో నూనెలో వేగే ఉల్లి చక్రాలు, అంటే అందరూ ఆనియన్ రింగ్స్ అనేవి, కావలసిన సరుకులను బట్టి చూస్తే చాలా తేలికైన వంటకం. పనిలోకి దిగాక మాత్రం ఇంటి వేపుళ్లలో వీటికి కావలసినంత జాగ్రత్త మరి కొన్నింటికే అవసరమవుతుంది. కారణం ఉల్లిపాయలోనే ఉంది. దాని బరువులో దాదాపు 89 శాతం నీరే. ఆ నీటిని మనం 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాగుతున్న నూనెలోకి దించుతున్నాం. నీరు ఆవిరిగా మారినప్పుడు అది ఆక్రమించే చోటు సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది కనుక, చక్రం మీద తుడవకుండా వదిలేసిన చిన్న నీటిచుక్క కూడా నూనెలో మునిగిన క్షణంలో ఆవిరై, పైనున్న నూనెను చేతుల మీదికి చిమ్మగలదు. పూత ఊడిపోవడం, చక్రాలు మెత్తబడడం, నూనె పీల్చడం, చర్మం కాలడం అన్నవి వేర్వేరు సమస్యలుగా కనిపించినా, ఉండకూడని చోట తడి ఉండడమో, నూనె వేడిని కనిపెట్టి ఉండకపోవడమో చాలాసార్లు వాటన్నిటికీ మూలం. కాబట్టి చక్రాలు కరకరలాడాలని తీసుకునే జాగ్రత్తే ప్రమాదం నుంచీ కాపాడుతుంది.

పొయ్యి వెలిగించక ముందే మొత్తం సరంజామా చేతికందేలా అమర్చుకోవాలి, ఎందుకంటే నూనె కాగడం మొదలయ్యాక దాన్ని వదిలి పక్కకు వెళ్లే వీలుండదు. గిన్నె అడుగు మందంగా, చదునుగా ఉండాలి, లోతు తగినంత ఉండాలి. నూనె అందులో మూడో వంతుకు మించకుండా పోస్తే మంచిది. చక్రాలు వేసినప్పుడు నూనె మట్టం పెరగడమే కాక నురగ కూడా పైకి పొంగుతుంది. అంచు దాటి పొంగిన నూనె మంట మీద పడితే జరిగేది ఊహించడం కష్టం కాదు. గిన్నెకు కాడ ఉంటే అది పొయ్యి అంచు దాటి బయటికి రాకుండా లోపలివైపు తిప్పి పెట్టాలి. గిన్నె, చిల్లుల గరిట, పట్టకారు, మూత అన్నీ పొడిగుడ్డతో తుడిచి ఉండాలి. కడిగిన మూత లోపలివైపు అంటుకున్న తడి చాలామంది దృష్టికి రాదు, తీరా ఆపదలో ఆ మూతే గిన్నె మీద పెట్టవలసి వస్తుంది. వదులు చేతుల చొక్కా, వేలాడే బట్ట అంచులు, సులభంగా కరిగి చర్మానికి అతుక్కునే సింథటిక్ బట్టలు ఈ పనికి తగవు. కాళ్లకు మూసి ఉండే చెప్పులు వేసుకోవడం మేలు. పిల్లలను, పెంపుడు జంతువులను పొయ్యికి కనీసం ఒక మీటరు దూరంలో ఉంచాలి.

ఉల్లిపాయ కోయడంలో ముఖ్యమైన ఇబ్బంది అది గుండ్రంగా ఉండడమే. అడ్డంగా పడుకోబెట్టి కోసేటప్పుడు అది దొర్లితే కత్తి వేలి మీదికి వస్తుంది. అందుకని ముందుగా ఒక పక్క పలుచని చెక్క తీసేసి, ఆ చదునైన భాగాన్ని కిందికి ఉంచి కోయాలి. కళ్లలో నీళ్లు కూడా ప్రమాదమే, చూపు మసకబారినప్పుడే కత్తి తప్పుతుంది. ఉల్లి కణాలు తెగినప్పుడు ఎంజైముల చర్య వల్ల కళ్లను మండించే వాయువు పుడుతుంది. ఉల్లిపాయలను కోసే ముందు అరగంట పాటు ఫ్రిజ్‌లో ఉంచితే ఆ చర్య నెమ్మదిస్తుంది. పదునైన కత్తి కణాలను నలపకుండా కోస్తుంది కనుక దాని వల్ల కూడా మంట తగ్గుతుంది, మొండి కత్తి కన్నా అది చేతికీ క్షేమం. స్లైసర్ పలక వాడేవారు దానితో వచ్చే చేతి రక్షణను పక్కన పెట్టేయకూడదు. ముక్క మందం ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటే చాలు. అంతకన్నా పలుచగా కోస్తే లోపల ఉల్లి మిగలదు, బాగా మందంగా కోస్తే పూత ఎర్రబడే సరికి లోపల పచ్చిగానే ఉంటుంది.

చక్రాలను విడదీశాక ప్రతి చక్రం లోపలి వైపు పారదర్శకమైన సన్నని పొర ఒకటి కనిపిస్తుంది. దాన్ని గోటితో లాగితే ఊడి వస్తుంది. ఓపిక లేక ఈ పని వదిలేసేవారే ఎక్కువ, కానీ పిండిపూత జారిపోవడానికి ఆ నున్నటి పొర ఒక పెద్ద కారణం. కొరికినప్పుడు పూత చేతిలో ఉండిపోయి, ఉల్లి ఒక్కటే పొడవుగా జారి వచ్చి వేడివేడిగా గడ్డానికి అంటుకోవడం కూడా దాని పనే. ఘాటు తగ్గించడానికి చక్రాలను చల్లటి నీళ్లలో పావుగంట నానబెట్టవచ్చు. నానబెడితే మాత్రం ఆరబెట్టే పనిలో రాజీ పడకూడదు. పొడిగుడ్డ మీద ఒకే వరసగా పరిచి, మరో గుడ్డతో పైనుంచి అద్ది, ఒకసారి తిప్పి మళ్లీ అద్దాలి. చక్రం లోపలి అంచున నీరు ఎక్కువసేపు నిలుస్తుంది కనుక అక్కడ ప్రత్యేకంగా తుడవాలి. ఆ తరువాత పొడి మైదానో, కార్న్‌ఫ్లోరునో పలుచగా పట్టించి, ఎక్కువైన పిండిని దులిపేయాలి. ఈ పొడిపూత మిగిలిన కొద్దిపాటి తేమను పీల్చుకుంటుంది, తరువాత ముంచే జారుకు, అంటే పలుచగా కలిపిన తడి పిండికి, పట్టు ఇస్తుంది. దులపకుండా వదిలితే రాలిన పిండి నూనె అడుగున చేరి మాడుతుంది, ఆ మాడు తరువాతి వాయలన్నిటికీ చేదుగా అంటుకుంటుంది.

పూత కోసం ఒక కప్పు మైదా, పావు కప్పు కార్న్‌ఫ్లోర్, ఒక చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా ఉప్పు కలిపి, బాగా చల్లబరచిన సోడా నీళ్లు ముప్పావు కప్పు నుంచి ఒక కప్పు వరకు చూసి పోసుకుంటే సరిపోతుంది. గరిట వెనక అంటుకుని నెమ్మదిగా జారేంత చిక్కదనం కావాలి. మైదాను నీళ్లతో ఎంత ఎక్కువ గిలకొడితే అంత అందులోని గ్లూటెన్ అనే జిగురు ప్రోటీన్ సాగి, పూత రబ్బరులా తయారవుతుంది. చిన్న చిన్న ఉండలు మిగిలినా ఫర్వాలేదు, కలపడం ఆపేయడమే మంచిది. చల్లదనం కూడా ఆ సాగుడును అడ్డుకుంటుంది, సోడాలోని బుడగలను కొంతసేపు నిలిపి ఉంచుతుంది. అందుకే జారును ముందుగా కలిపి పెట్టుకోకుండా నూనె కాగే సమయంలో కలపాలి. మరింత గుల్లగా రావాలని బేకింగ్ పౌడర్ రెట్టింపు వేస్తే పూత చిల్లులు పడి నూనె తాగుతుంది, పైగా గిన్నెలో నురగ ఎక్కువవుతుంది. ఉప్పు చాలిందో లేదో చూడడానికి పచ్చి జారును నాలుక మీద వేసుకోవడం మంచి అలవాటు కాదు. పిండి పచ్చి పదార్థమే, అందులో రోగకారక బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది, గుడ్డు కలిపితే ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. ఒక చక్రాన్ని వేయించి రుచి చూసి, ఆపై మిగిలిన జారును సరిచేసుకోవచ్చు. గోధుమ, గుడ్డు, పాలు పడనివారు తినబోతున్నారేమో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇక నూనె. రిఫైన్డ్ పొద్దుతిరుగుడు, వేరుశనగ నూనెల వంటివి 220 డిగ్రీలు దాటే వరకు పొగ రానివ్వవు కనుక ఈ పనికి అనువైనవి. శుద్ధి చేయని నూనెలు చాలా ముందే పొగ చూరతాయి. వేయించడానికి కావలసిన వేడి 175 నుంచి 185 డిగ్రీల మధ్య. ఈ పని తరచుగా చేసేవారు ఒక వంట థర్మామీటరు కొనుక్కోవడం నా దృష్టిలో ఖరీదైన గిన్నె కొనడం కన్నా ఉపయోగం. అది లేనప్పుడు చిటికెడు జారును నూనెలో వదిలి చూడవచ్చు: అడుగుకు పోయి అక్కడే ఉండిపోతే నూనె ఇంకా కాగలేదు, కొద్దిగా మునిగి వెంటనే బుడగలతో పైకి తేలితే సరిగ్గా ఉంది, పడగానే ఎర్రబడితే వేడి మితిమీరింది. నీళ్లు చిలకరించి చూసే పద్ధతిని మాత్రం పూర్తిగా మానుకోవాలి. వేడి చాలని నూనెలో పూత గట్టిపడేలోపు నూనె లోపలికి చేరుతుంది. వేడి ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. పిండిపదార్థాలను 120 డిగ్రీలు దాటిన వేడిలో వేయించినప్పుడు ఆక్రిలమైడ్ అనే హానికర పదార్థం ఏర్పడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. రంగు ముదిరేకొద్దీ అది పెరుగుతుంది కనుక బంగారు రంగు రాగానే తీసేయడం రుచికే కాక ఆరోగ్యానికీ అవసరం.

చక్రాన్ని జారులోంచి సన్నని పుల్లతోనో, ఫోర్కుతోనో ఎత్తి, అదనపు జారు కారిపోయే వరకు గిన్నె మీద ఆపి, నూనె ఉపరితలానికి దగ్గరగా తెచ్చి, మనకు ఎదురువైపుకు జారవిడవాలి. భయంతో పైనుంచి వేయడమే నూనె చిందడానికి దారి తీస్తుంది. ఒక వాయకు నాలుగైదు చక్రాలకు మించకూడదు. ఒకేసారి ఎక్కువ వేస్తే నూనె వేడి పడిపోతుంది, చక్రాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, విడదీయబోతే పూత చిరిగి ఉల్లిలోని నీరు నేరుగా నూనెలో పడుతుంది. రెండు మూడు నిమిషాల్లో ఒక వాయ పూర్తవుతుంది, మధ్యలో ఒక్కసారి తిప్పితే చాలు. బుడగల జోరు తగ్గడం పూతలోని నీరు చాలావరకు పోయిందనడానికి గుర్తు. వాయకూ వాయకూ మధ్య తేలిన పిండి తునకలను ఏరివేసి, నూనె మళ్లీ కాగే వరకు ఆగాలి. దుకాణంలో కొన్న గడ్డకట్టిన చక్రాలనైతే కరగనివ్వకుండానే, అంటుకున్న మంచు పలుకులను దులిపి వేయించాలి.

నూనె అంటుకునే ప్రమాదం గురించి ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ క్షణంలో ఆలోచించే వ్యవధి ఉండదు. పొగ రావడమే మొదటి హెచ్చరిక. పొగ కనిపించగానే పొయ్యి ఆపేయాలి, విద్యుత్ పొయ్యి అయితే ఆపిన తరువాత కూడా దాని పలక చాలాసేపు వేడిగా ఉంటుందని గుర్తుంచుకోవాలి. సుమారు 350 డిగ్రీలు దాటితే వంటనూనె మంట తగలకుండానే తనంతట తాను అంటుకోగలదు. అంటుకున్నప్పుడు చేరుకోగలిగితే పొయ్యి ఆపి, లోహపు మూతను పక్కనుంచి జరుపుతూ గిన్నె మీద కప్పి, పూర్తిగా చల్లారే వరకు మూత తీయకుండా ఉంచాలి. మధ్యలో తీసి చూస్తే గాలి తగిలి మళ్లీ మండుతుంది. నీళ్లు ఎట్టి పరిస్థితిలోనూ పోయకూడదు: నీరు నూనె కన్నా బరువు కనుక అడుగుకు దిగి, ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న నూనెను పైకప్పు దాకా ఎగజిమ్ముతుంది. పిండి చల్లడమూ ప్రమాదమే, పిండి దుమ్ము మంటలో భగ్గుమంటుంది. మండుతున్న గిన్నెను బయటికి మోసుకుపోవాలని ప్రయత్నించకూడదు. మంట అదుపు తప్పిందనిపిస్తే అందరినీ బయటికి పంపి, వంటగది తలుపు మూసి, అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేయాలి.

చర్మం మీద నూనె పడితే చల్లటి కుళాయి నీటి ధార కింద 20 నిమిషాల పాటు ఉంచాలి. రెండు నిమిషాలకు నొప్పి తగ్గిందని చెయ్యి తీసేయడం సరికాదు, లోపలి వేడి ఇంకా చర్మాన్ని దెబ్బతీస్తూనే ఉంటుంది. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయాలి, చర్మానికి అతుక్కున్న బట్టను మాత్రం లాగకూడదు. ఐసు, వెన్న, టూత్‌పేస్టు రాయకూడదు, బొబ్బలు చిదమకూడదు. కాలిన మేర అరచేయి కన్నా పెద్దదైనా, ముఖం, చేతులు, కీళ్ల మీద కాలినా, కాలింది చిన్న పిల్లలకైనా వైద్యుని దగ్గరికి వెళ్లవలసిందే.

వేగిన చక్రాలను కాగితం మీద గుట్టగా పోస్తే వాటి ఆవిరికి అవే మెత్తబడతాయి. జాలీ స్టాండు మీద ఎడంగా పెట్టి, వేడిగా ఉన్నప్పుడే ఉప్పు చల్లాలి. ఆ ఉప్పు గిన్నెలో పడకుండా చూసుకోవాలి, ఎందుకంటే ఉప్పు తగిలిన నూనె త్వరగా పాడవుతుంది. అందరికీ ఒకేసారి వడ్డించాలంటే 95 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఉంచవచ్చు, మూత పెట్టిన డబ్బాలో మాత్రం వద్దు. పైపూత చల్లారినట్టున్నా లోపలి ఉల్లి చాలాసేపు ఆవిరి పట్టి ఉంటుంది కనుక పిల్లలకు ఇచ్చేముందు ఒక చక్రాన్ని విరిచి చూడడం మంచిది. ఉల్లిపాయ కుక్కలకు, పిల్లులకు విషంతో సమానం. వాటి రక్తకణాలను అది దెబ్బతీస్తుంది కనుక ముక్కలు, మిగిలిన చక్రాలు వాటికి అందే చోట ఉంచకూడదు.

పని ముగిశాక నూనె గిన్నెను కదపకుండా పొయ్యి మీదే చల్లారనివ్వాలి. రెండు గంటలు పట్టినా తొందరపడి మోయకూడదు. చల్లారిన నూనెను పలుచని గుడ్డలో వడగట్టి, మూత ఉన్న సీసాలో వెలుతురు తగలని చోట దాచితే మరోసారి వాడుకోవచ్చు. రంగు ముదిరి, చిక్కబడి, నురగ ఆగకుండా వస్తూ, మామూలు కన్నా ముందే పొగ చూరుతుంటే అది ఇక వంటకు పనికిరాదు. అటువంటి నూనెను సింకులో పోస్తే గొట్టాల్లో పేరుకుని నీటి దారిని మూసేస్తుంది కనుక, ఖాళీ సీసాలో నింపి, గట్టిగా మూత బిగించి చెత్తతో పాటు పంపాలి, లేదా వాడిన నూనె సేకరించేవారు అందుబాటులో ఉంటే వారికి ఇవ్వాలి.