మోవర్ గడ్డిని సంచిలో వేయకుండా వెనకే వదిలేస్తుంటే

మాది రాజోలు దగ్గర పల్లె. వానలు మొదలయ్యాక మా పెట్రోల్ మోవర్ గడ్డి కోస్తోంది గానీ సంచిలోకి పంపడం మానేసింది. నడిచిన దారంతా తడి ముద్దలే. వాటిని అలా వదిలేస్తే కింద లాన్ పసుపుపచ్చగా మారిపోయేది, చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

బ్లేడు మొండిదైందేమోనని సాన పట్టించాను. కోత నున్నగా వచ్చింది, ముద్దలు మాత్రం తగ్గలేదు.

ఇంజన్ చల్లారాక స్పార్క్ ప్లగ్ వైరు పీకేసి, ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా మోవర్‌ని పక్కకి వంచాను. దయచేసి ఆ వైరు పీకకుండా బ్లేడు జోలికి వెళ్లకండి. డెక్కు, అంటే బ్లేడుని కప్పి ఉండే గుల్ల, లోపల గడ్డీ ఒండ్రుమట్టీ కలిసి రెండు వేళ్ల మందాన పేరుకుని, సంచిలోకి వెళ్లే దారి సగం మూసుకుపోయింది. కొబ్బరి మట్ట ముక్కతో గీకితే పెళ్లలు పెళ్లలుగా ఊడింది.

అసలు దొంగ ఇంకోటి: సంచి జాలీ. ఎండకి ఎత్తి పట్టుకుంటే చుక్క వెలుతురు రాలేదు. బ్లేడు చివరలు పైకి వంగి ఉండేది గాలిని ఎగదోయడానికే. ఆ గాలి జాలీలోంచి బయటికి పోతేనే గడ్డి సంచిలో పడుతుంది. పైపుతో బయటి నుంచి లోపలికి కొట్టి కడిగి, ఎండబెట్టాను.

మర్నాడు మంచు ఆరాక, కోత ఎత్తు ఒక మెట్టు పెంచి, ఫుల్ థ్రాటిల్‌లో నెమ్మదిగా నడిపాను. గడ్డి ఎత్తులో మూడో వంతుకి మించి కోయలేదు. రెండో వరసకే సంచి బరువెక్కింది, వెనక నేల శుభ్రంగా ఉంది.