పాత పోలో జీటీ టీఎస్‌ఐ కొనే ముందు: ఏ లక్షణం, ఏ రోగం, ఎక్కడ వదిలేయాలి

నెలకి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల పాత పోలో జీటీ టీఎస్‌ఐ కొనేసి, కొన్నాక నా షెడ్డుకి తెచ్చి "అన్నా, ఒకసారి చూడవా, ఏదో చిన్న వణుకు వస్తోంది" అంటారు. ఆ చిన్న వణుకు ఖరీదు లక్ష దాకా ఉంటుందని వాళ్లకి చెప్పే పాపిష్టి పని నాది. కొనకముందే తెచ్చి చూపించేవాళ్లని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పెయింట్ తేడాలు, టైర్ల తారీఖు, బానెట్ బోల్టులకి పానా పడిందా లేదా, సర్వీస్ రికార్డు, ఇవి చూడడం మీకు వచ్చనే అనుకుంటున్నా. వాటి జోలికి పోను.

ముందు ఏ కారు గురించో తేల్చుకుందాం. 2013లో వచ్చి, 2020లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చేదాకా అమ్మిన 1.2 లీటర్ టర్బో పెట్రోలు. 105 పీఎస్ పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్ (అంటే లాగుడు), 7 గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్. గేర్‌బాక్స్ పేరు డీక్యూ200. ఆ లాగుడు చూసి మనసు పారేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నేనూ పారేసుకున్నవాణ్ణే. 2020 తర్వాత వచ్చిన 1.0 లీటర్ ఆటోమేటిక్‌లో ఉన్నది టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కి బదులు ఆయిల్‌తో పనిచేసే రకం), దానికి కింద చెప్పే గేర్‌బాక్స్ గోల లేదు. వెంటో 1.2 టీఎస్‌ఐ, స్కోడా ఆక్టావియా 1.8 టీఎస్‌ఐ ఆటోమేటిక్‌లలో కూడా ఈ డీక్యూ200నే ఉంది కాబట్టి అవి చూస్తున్నవాళ్లూ చదవండి.

మీరు వెళ్లేసరికే ఇంజిన్ వెచ్చగా ఉంది

ఇది లక్షణమా అంటారేమో, నా లెక్కలో మొదటి లక్షణం ఇదే. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే "ఇప్పుడే పాలకని బయటికి తీశా సార్" అనే కబురు వింటారు. పొద్దున మళ్లీ వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో తెలిసే సంగతులు, గంట నడిపినా తెలియవు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, టర్బో దగ్గరో వాల్వ్ సీల్స్ దగ్గరో. చలికాలం పొద్దున్నే కాస్త తెల్ల ఆవిరి వచ్చి నిమిషంలో పోతే అది మామూలే. పోకుండా తెల్లగా వస్తూనే ఉండి, కూలెంట్ కూడా తగ్గుతుంటే ఇంకో కారు చూసుకోండి.

గేరు గుర్తు మిణుకుమిణుకుమంటోంది, లేదా కొన్ని గేర్లే పడుతున్నాయి

మీటర్లో గేరు చూపించే అక్షరం వెలిగి ఆరుతుంటే, రివర్స్ పడకపోతే, 1 నుంచి ఏకంగా 3కి దూకితే అది మెకట్రానిక్ యూనిట్. గేర్‌బాక్స్‌కి బుర్ర, చేతులు రెండూ అదే. లోపల ఆయిల్ ప్రెషర్ నిలవుంచే అక్యుములేటర్ దగ్గర పగులు వచ్చినా, పంపు పోయినా, కరెంటు వైపు తేడా వచ్చినా ఇలాగే అవుతుంది. 2013లో చైనాలో 3.8 లక్షలకు పైగా డీఎస్‌జీ కార్లని కంపెనీ వెనక్కి పిలిపించుకుంది, కాబట్టి ఇది మన రోడ్ల తప్పూ కాదు, మన డ్రైవింగ్ తప్పూ కాదు.

చాలాసార్లు తాళం ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అంతా సర్దుకుంటుంది. అమ్మేవాడికి ఆ సంగతి బాగా తెలుసు. టెస్ట్ డ్రైవ్ మధ్యలో ఏ కారణం లేకుండా కారు ఆపి మళ్లీ స్టార్ట్ చేశాడంటే మీటర్ వైపు చూడండి. దీనికి మందు మెకట్రానిక్ రిపేరు లేదా మార్పిడి. రిపేరు చేసేవాళ్లు ఇప్పుడు ఊళ్లో దొరుకుతున్నారు, కొత్తది వేయాలంటే మాత్రం బిల్లు లక్షన్నర దాటుతుంది. కొనబోయే కారులో ఇది కనపడితే నా సలహా ఒక్కటే, దణ్ణం పెట్టి వచ్చేయండి.

వణుకు

అసలు కథ ఇది. దీని దగ్గర నేనే దెబ్బతిన్నాను కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

మా బావమరిది కోసం 2014 మోడల్ ఒకటి చూశాం. ఆదివారం పొద్దున 6 గంటలకి రమ్మన్నాడు అమ్మేవాడు. బానెట్ చల్లగా ఉంది, పొగ లేదు, చప్పుడు లేదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించాడు, ఖాళీ రోడ్డు, గేర్లు వెన్నలా పడుతున్నాయి. నేను కూడా "ఒరే, తీసేసుకోరా" అన్నాను. 11 రోజులకి ఫోన్. "బావా, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర కారుకి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది." ఆ మధ్యాహ్నం వెళ్లి నడిపి చూశాను, నిజమే. బ్రేక్ వదిలి కదిలేటప్పుడు సీటు, స్టీరింగు రెండూ దడదడలాడుతున్నాయి. ఆ సంక్రాంతికి అత్తగారింట్లో అరిసెలతో పాటు ఈ మాట కూడా తిన్నాను: "మెకానిక్ అల్లుడు చూసి కొన్న కారు."

సంగతేంటంటే డీక్యూ200లో రెండు క్లచ్‌లుంటాయి, రెండూ పొడి క్లచ్‌లు, ఆయిల్‌లో మునిగి ఉండవు. ఒకటి 1, 3, 5, 7 గేర్లకి. రెండోది 2, 4, 6, రివర్స్‌కి. ట్రాఫిక్‌లో బ్రేక్ సగం నొక్కి సగం వదిలి పాకించినప్పుడల్లా మొదటి క్లచ్ సగం పట్టి జారుతూ ఉంటుంది, జారినంతసేపూ వేడెక్కుతుంది. చల్లబరచడానికి ఆయిల్ లేదు కాబట్టి ఆ వేడి దానికే మిగులుతుంది. ఏళ్ల తరబడి అమీర్‌పేట ట్రాఫిక్ తిన్న క్లచ్ ముఖం గాజులా నున్నబడుతుంది, అప్పుడు సమంగా పట్టుకోలేక పట్టీ వదిలీ దడ పుట్టిస్తుంది. మొదట్లో ఇది వేడి మీదే కనపడుతుంది. చల్లగా ఉన్నప్పుడు, ఖాళీ రోడ్డు మీద, గేర్లు గబగబా మారిపోయేటప్పుడు ఏమీ తెలియదు. పొద్దున 6 గంటలకి రమ్మనడంలో ఉన్న మర్మం అదీ.

అంతే అయితే నన్ను నేను క్షమించుకునేవాణ్ణి. ఇంకో మెలిక ఉంది. లాప్‌టాప్ పెట్టి క్లచ్ అడాప్టేషన్ చేస్తే గేర్‌బాక్స్ క్లచ్ ఎక్కడ పట్టుకోవాలో మళ్లీ కొత్తగా నేర్చుకుంటుంది. అరిగిన క్లచ్ మీద ఇది చేస్తే కొన్నాళ్లు, ఒక్కోసారి కొన్ని వందల కిలోమీటర్లు, వణుకు తగ్గుతుంది. తర్వాత యథాతథం. అంటే అమ్మే ముందు రోజు ఎవరిచేతో ఆ పని చేయిస్తే కారు మీ చేతికి వచ్చి, డబ్బు బదిలీ అయ్యి, పేరు మార్చడానికి కాగితాలు పెట్టేదాకా మంచిగా ఉంటుంది. మా బావమరిది కారుకి జరిగింది అచ్చంగా ఇదే. అడాప్టేషన్ చేసినవాడు పనిలో పనిగా కారు కంప్యూటర్‌లో దాచుకున్న పాత లోపాల కోడ్‌లన్నీ చెరిపేశాడు. స్కానర్ పెడితే ఒక్క కోడ్ లేదు. పదేళ్ల దగ్గరికి వస్తున్న కారులో ఒక్క కోడ్ కూడా లేకపోవడమే అనుమానించాల్సిన విషయమని అప్పుడు నాకు తట్టలేదు.

ఇప్పుడు ఎలా పట్టుకుంటానో చెప్తాను.

ముందు స్కానర్. వెయ్యి రూపాయల బ్లూటూత్ స్కానర్, ఫోన్‌లో ఒక యాప్ చాలు. అందులో "కోడ్‌లు చెరిపాక నడిచిన దూరం" అని ఒక లెక్క ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. 82,000 తిరిగిన కారులో ఆ లెక్క 40 కిలోమీటర్లు చూపిస్తే, నిన్నో మొన్నో ఎవరో చెరిపారనే. ఎందుకు చెరిపారు అని అడగండి. "బ్యాటరీ మార్చాం సార్" అంటే బిల్లు చూపించమనండి, బ్యాటరీ మీద తారీఖు కూడా చూడండి. ఈ లెక్క ఇంజిన్ కంప్యూటర్‌ది, గేర్‌బాక్స్‌లో ఏం చేశారో ఇది చెప్పదు. గేర్‌బాక్స్ లోపలికి వెళ్లి చదవాలంటే ఈ కంపెనీ కార్లకి పనికొచ్చే స్కానర్ ఉన్నవాణ్ణి వెంటబెట్టుకెళ్లాలి.

తర్వాత వేడి మీద నడపడం. మధ్యాహ్నం, ఏసీ వేసి, ట్రాఫిక్ ఉన్న రోడ్డు మీద కనీసం అరగంట, వీలైతే 40 నిమిషాలు. "ఎందుకు సార్ ట్రాఫిక్‌లో, ఔటర్ మీదకి పోదాం" అంటే నవ్వి ట్రాఫిక్‌లోకే తిప్పండి. బాగా వేడెక్కాక మూడు చోట్ల గమనించండి. బ్రేక్ మెల్లగా వదిలి యాక్సిలరేటర్ తాకకుండా కారుని తనంతట తను కదలనివ్వండి, దడ వస్తే మొదటి క్లచ్. రెండో గేర్లో పాకుతూ దాదాపు ఆగబోయి మళ్లీ కదిలించండి, 2 నుంచి 1కి దిగేటప్పుడు గుద్దినట్టు ఉంటే అదీ రాసుకోండి. చివరికి ఏదైనా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు దగ్గరకెళ్లి రివర్స్‌లో మెల్లగా ఎక్కించండి. ముందుకి వణికి, వెనక్కి నున్నగా వెళ్తే మొదటి క్లచ్ ఒక్కటే అరిగింది. రెండువైపులా వణికితే మొత్తం పోయింది. ఈ ర్యాంపు పరీక్ష ఒకటి రెండుసార్లు చాలు, పదిసార్లు చేస్తే మంచి క్లచ్‌ని కూడా మీరే కాల్చేస్తారు.

వణుకంతా క్లచ్ కాదు, అది కూడా చూడాలి. నడిచేటప్పుడు 3, 4 గేర్లలో గట్టిగా తొక్కినప్పుడు కుదుపు వచ్చి, ఇంజిన్ లైటు మిణుక్కుమంటే అది మిస్‌ఫైర్. ప్లగ్గులో, ఇగ్నిషన్ కాయిలో. చవకలో పోతుంది, దానికి భయపడి మంచి కారు వదులుకోకండి. ఆగి ఉన్నప్పుడు, న్యూట్రల్‌లో కూడా వణికితే ఇంజిన్ మౌంటింగ్ చూడండి. కదిలేటప్పుడు మాత్రమే, వేడి మీద మాత్రమే వణికితేనే క్లచ్.

మందు: క్లచ్ సెట్ మార్చడం. లేబర్‌తో కలిపి లక్ష చుట్టుపక్కల పెట్టుకోండి. మా బావమరిదికి అంతే అయింది, సగం నేను పెట్టుకున్నాను, లేబర్ ఎలాగూ నాదే. కారు మిగతా అంతా బాగుండి మీకు నచ్చితే ఆ లక్ష ధరలోంచి తీసేసి బేరమాడండి. "అడాప్టేషన్ చేస్తే పోతుంది సార్, మూడు వేలే" అన్నాడంటే వాడికి అంతా తెలుసనే అర్థం.

ఇంకో మాట, స్టేజ్ 1 రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో ఫైల్ మార్చి పవర్ పెంచడం. ఈ కారు కొన్నవాళ్లలో సగం మందికి 105 పీఎస్ చాలదు. ఈ పొడి క్లచ్ గేర్‌బాక్స్‌ని 250 న్యూటన్ మీటర్ల లోపు టార్క్ కోసం తయారుచేశారు, రీమ్యాప్ చేసిన కారు ఆ గీత దగ్గరికి వెళ్లి నిలబడుతుంది. అమ్మే ముందు మళ్లీ పాత ఫైల్ వేసేస్తారు. ఖరీదైన ఎయిర్ ఫిల్టర్, ఎగ్జాస్ట్ మార్చి మళ్లీ పాతది బిగించిన గుర్తులు, వెనకాల ట్యూనింగ్ స్టిక్కర్ పీకిన జిగురు మరక, ఇవే సాక్ష్యాలు.

కూలెంట్ తగ్గుతోంది, లేదా రంగు వేరుగా ఉంది

ట్యాంకులో గులాబీ లేదా ఊదా రంగు ఉండాలి. ఆకుపచ్చ, లేదా ఉత్త నీళ్లు కనపడితే ఖర్చు తప్పించుకున్న ఓనర్ అని తెలుసుకోండి. వాటర్ పంప్, థర్మోస్టాట్ ప్లాస్టిక్ భాగాల దగ్గర కారుతుందేమో, గులాబీ పొడి మరకలు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. బాగుచేయొచ్చు, ధర తగ్గించుకుని తీసుకోవచ్చు.

కరెంటు వస్తువులు ఇష్టమొచ్చినప్పుడు పనిచేస్తున్నాయి

ఒక అద్దం దిగదు, ఒకరోజు లాక్ పడదు. ఒక్క అద్దమే అయితే రెగ్యులేటర్, పట్టించుకోకండి. నాలుగైదు ఒకేసారి పిచ్చిగా ఉంటే కారు నీళ్లలో మునిగిందేమో చూడండి. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ, అంతకుముందు 2015లో చెన్నై, అప్పుడు మునిగిన కార్లు తుడుచుకుని ఇప్పటికీ సంతల్లో తిరుగుతున్నాయి. సీటు బెల్టు చివరికంటా లాగండి, అడుగున మట్టి గీత ఉంటుంది. సీటు పట్టాల బోల్టుల తుప్పు, స్టెప్నీ గుంట అడుగు, కార్పెట్ కింద వాసన. ఏ ఒక్కటి దొరికినా ఉచితంగా ఇచ్చినా వద్దు.

ముందు చక్రాల దగ్గర టకటక, లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్షులు. మన స్పీడ్ బ్రేకర్లకి అవి పోవడం మామూలే. టర్బో పూర్తిగా చితకడం, ఇంజిన్ కంప్యూటర్ పోవడం నేను చాలా అరుదుగా చూశాను, వాటి గురించి రాత్రుళ్లు మేలుకోకండి.

కారు బెంగళూరుదో పుణెదో అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం), లోన్ ఉంటే అది తీరిందని బ్యాంకు సంతకంతో ఫారం 35, రెండూ చేతిలో పడ్డాకే డబ్బు. ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి, అది వేలల్లో కాదు, ఒక్కోసారి క్లచ్ సెట్టుకి దగ్గరగా వెళ్తుంది. చవగ్గా దొరికిందని అక్కడినుంచి తోలుకొచ్చేవాళ్లు ముందు ఆ లెక్క వేసుకుని తర్వాత బేరం మొదలుపెట్టండి.