జాన్ బోనమ్ డ్రమ్స్ మోత మీ కిట్‌లోంచి రప్పించడం ఎలా

బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెపెలిన్ పాటలు విని డ్రమ్స్ పట్టుకున్నవాళ్లు మొదట చేసే పని, బలమంతా కూడదీసుకుని బాదడం. నాలుగు రోజుల్లో స్టిక్స్ విరుగుతాయి, హెడ్ (డ్రమ్ మీద బిగించే ప్లాస్టిక్ పొర) మధ్యలో గుంటలు పడతాయి, మోత మాత్రం దిండు మీద కొట్టినట్టే ఉంటుంది. ఆ బ్యాండ్ డ్రమ్మర్ బోనమ్ గట్టిగానే వాయించేవాడు, కాదనం. అయితే ఆ మోతలో సగానికి పైగా అతను కొట్టకముందే సిద్ధమై ఉండేది. పెద్ద షెల్స్ (డ్రమ్ గుండ్రటి ఒళ్లు), మనం ఊహించేదాని కన్నా బాగా బిగించిన హెడ్స్, లోపల దిండ్లూ దుప్పట్లూ లేకపోవడం, దూరంగా పెట్టిన మైకులు. ముందు వీటి సంగతి చూడండి, చేతుల సంగతి తర్వాత.

1948లో ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో పుట్టి, తండ్రి దగ్గర వడ్రంగం పని చేసిన బోనమ్ 1968లో బ్యాండ్‌లో చేరాడు, 1980లో 32 ఏళ్లకే పోయాడు. ఎక్కువగా వాడింది లుడ్విగ్ కిట్. కాలితో వాయించే 26 అంగుళాల బేస్ డ్రమ్, దాని పైన ఉండే 14 అంగుళాల టామ్ ఒక్కటే, నేల మీద కాళ్లపై నిలబడే 16, 18 అంగుళాల ఫ్లోర్ టామ్‌లు, 14 అంగుళాల వెడల్పూ ఆరున్నర అంగుళాల లోతూ ఉన్న, అడుగున తీగలు బిగించిన లోహపు స్నేర్ డ్రమ్. బ్యాండ్‌లు అద్దెకి తీసుకుని సాధన చేసే జామ్ రూముల్లో దొరికేది మామూలుగా 22 అంగుళాల బేస్, రెండు చిన్న టామ్‌లు, 16 ఫ్లోర్ టామ్. దిగులు పడకండి. రెండు టామ్‌లలో చిన్నదాన్ని తీసి పక్కన పెట్టండి, పెద్దదాన్ని స్నేర్‌కి ఎదురుగా బిగించండి. ఖర్చు లేకుండా వచ్చే మొదటి మార్పు ఇదే.

శ్రుతి చేయడం

డప్పుని మంట దగ్గర కాచి బిగిస్తాం, మృదంగం అంచు మీద రాయితో తట్టి శ్రుతి చేస్తాం. డ్రమ్ హెడ్ ప్లాస్టిక్ కాబట్టి మంటా రాయీ దాని జోలికి పోకూడదు. మరలు తిప్పే డ్రమ్ కీ ఒక్కటీ చాలు, ఓపిక మాత్రం ఎక్కువే కావాలి.

టామ్‌లకు పైన రెండు పొరల కోటెడ్ (గరుకు పూత ఉన్న) హెడ్, కింద ఒక పొరది వేయండి. షెల్ అంచుని పొడి గుడ్డతో తుడిచి, హెడ్ పెట్టి, రాడ్‌లన్నీ (హెడ్‌ని బిగించే చుట్టూ ఉన్న మరలు) ముందు వేళ్లతోనే బిగించండి. తర్వాత అరచేత్తో మధ్యలో గట్టిగా అదమండి. కొత్త హెడ్ అయితే చిటపటమంటుంది, జిగురు సర్దుకునే చప్పుడది, కంగారు పడక్కర్లేదు. ఇక కీ తీసుకుని గడియారంలో 12 దగ్గరి రాడ్ తర్వాత 6 దగ్గరిది, ఆ తర్వాత 3, 9, ఇలా ఎదురెదురుగా పావు చుట్టు చొప్పున తిప్పుతూ పోండి. వరసగా చుట్టూ తిప్పుకుంటూ పోతే హెడ్ ఒక వైపుకి లాగేసుకుంటుంది. అలాంటి డ్రమ్ కొట్టగానే 'వావ్‌వావ్' అని ఊగుతుంది. వేళ్ల బిగింపు తర్వాత పైహెడ్‌కి ఒకటింబావు చుట్టు, కిందిదానికి ఒకటిన్నర దగ్గర మొదలుపెట్టండి. మరలను బట్టి ఈ లెక్క మారుతుంది, చివరి మాట చెవిదే.

ప్రతి రాడ్‌కీ అంగుళం లోపలగా స్టిక్ కొనతో తట్టి చూడండి. ఒక చోట స్వరం తగ్గితే వెంటనే దాన్నే బిగించేయకండి. చాలాసార్లు తప్పు ఎదుటి రాడ్‌ది. అది ఎక్కువ బిగిసి ఉంటుంది, దాన్ని కొంచెం వదిలితే రెండూ సర్దుకుంటాయి. స్వరం తగ్గించాల్సి వస్తే కావలసినదాని కన్నా కిందికి దించి, మళ్లీ పైకి తెచ్చి ఆపండి. పైనుంచి దించి అక్కడే వదిలేస్తే పది నిమిషాల వాయింపుకే జారిపోతుంది.

బేస్ డ్రమ్ దగ్గరే చాలామందికి ధైర్యం చాలదు. ముందు హెడ్‌కి రంధ్రం ఉండకూడదు, లోపల దిండు ఉండకూడదు. మనకి అలవాటైన పొట్టి 'టప్' శబ్దం ఆ దిండు వల్ల వచ్చేదే. బీటర్ (పెడల్ తొక్కితే కొట్టే సుత్తి) తగిలే హెడ్‌ని ముడతలు పోయాక ముప్పావు చుట్టు, ముందు హెడ్‌ని ఒకటిన్నర వరకు బిగించండి. అణచడానికి రెండు మూడు అంగుళాల వెడల్పున్న ఫెల్ట్ పట్టీ ఒక్కటి, బీటర్ వైపు హెడ్‌కి లోపలి వైపు, అంచు నుంచి మూడో వంతు దూరంలో అడ్డంగా వేస్తే సరి. స్టూల్ మీద కూర్చుని వింటే ఖాళీ డ్రమ్ముని తన్నినట్టు 'బోంయ్' అంటుంది. అక్కడే భయపడి దిండు వెతుక్కుంటారు. వేరేవాళ్లని వాయించమని మీరు పదిహేను అడుగుల దూరంలో నిలబడి వినండి, గిటార్లు కూడా మోగనివ్వండి. ఆ 'బోంయ్' కలిసిపోయి బరువు మాత్రమే మిగులుతుంది.

స్నేర్ కింది హెడ్ సిగరెట్ పెట్టె మీది కాగితంలా పల్చగా ఉంటుంది, పైహెడ్‌ని అక్కడ వేయకూడదు, దాన్ని పైన వేయకూడదు. రెంటినీ గట్టిగా బిగించండి. అడుగున తీగల్ని బిగించే స్క్రూని పూర్తిగా వదిలి, మెల్లగా కొట్టినా తీగలు పలికేదాకా బిగించి, అక్కడే ఆపండి. ఇంకా బిగిస్తే స్నేర్ గొంతు నొక్కేసినట్టవుతుంది. టామ్ కొట్టినప్పుడల్లా స్నేర్ బుస్సుమంటే ఆ రెంటి స్వరాలూ మరీ దగ్గరగా ఉన్నట్టు. టామ్‌ని పావు చుట్టు మార్చి చూడండి. పూర్తిగా పోదు, పోవాలనీ లేదు.

పరీక్ష ఒకటుంది. బోనమ్ తన సోలోల్లో స్టిక్స్ పడేసి ఉత్త చేతులతో వాయించేవాడు. మీ టామ్‌ని అరచేత్తో, వేళ్లతో కొట్టి చూడండి. స్పష్టంగా పలికితే బిగింపు సరిపోయింది. చప్పగా ఉంటే ఇంకో పావు చుట్టు.

కాలికి తకిట

1969లో వచ్చిన లెడ్ జెపెలిన్ మొదటి ఆల్బమ్‌లో, మొదటి పాటలోనే, రెండు పెడల్స్ ఉన్నాయా అనిపించే బేస్ డ్రమ్ వినిపిస్తుంది. ఉన్నది ఒక్క పెడల్, ఒక్క కాలు. మనకిది నోటితో తేలిక: 'త-కి-ట'. 'త' చేతిది, 'కి-ట' కాలిది. మెట్రోనోమ్ (తాళం క్లిక్ చేసే యంత్రం) నిమిషానికి 70 క్లిక్‌ల దగ్గర పెట్టి, ఒక్కో క్లిక్‌కి ఒక్కో తకిట వేయండి. మడమ పైకి ఉండాలి. 'కి' కొట్టేటప్పుడు పాదం పెడల్ పలక మధ్యలో ఉంటుంది, 'ట'కి అదే ఊపులో బొటనవేలి వైపు ముందుకు జారుతుంది. తొడ బలంతో రెండుసార్లు తొక్కాలని చూస్తే 100 దాటేలోపే పిక్క పట్టేస్తుంది. బీటర్‌ని హెడ్‌కి అదిమి ఉంచడం ఇంకో తప్పు, 'కి' తర్వాత అది వెనక్కి రాకపోతే 'ట'కి చోటే ఉండదు. రోజుకి పదిహేను నిమిషాలు, వారానికి నాలుగైదు అంకెలే పెంచండి. పాట వేగానికి చేరేసరికి ఆ రెండు దెబ్బల మధ్య ఎడం సెకనులో పదో వంతు దాకా తగ్గిపోతుంది.

పెడల్ కీళ్లలో చుక్క నూనె వేయడం మరవకండి. 1970 నాటి మూడో ఆల్బమ్‌లోని నెమ్మది బ్లూస్ పాటలో బోనమ్ పెడల్ కిచకిచ ఇప్పటికీ వినిపిస్తుంది. అతనికి చెల్లింది, మన రికార్డింగ్‌లో అది వట్టి కిచకిచే.

మైకు ఎక్కడ పెట్టాలి

1971లో విడుదలైన నాలుగో ఆల్బమ్ చివరి పాట కోసం హ్యాంప్‌షర్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనం హాల్లో కిట్ పెట్టి, ఇంజనీర్ ఆండీ జాన్స్ మెట్ల మీది నుంచి రెండు మైకులు వేలాడదీశాడు. తర్వాత కంప్రెసర్ (చిన్నా పెద్దా శబ్దాల తేడా తగ్గించే పరికరం), ఎకో కలిశాయి. కాబట్టి గోడలకి ఫోమ్ అంటించిన జామ్ రూములో ఈ మోత ఎంత తన్నుకున్నా రాదు. గట్టి గోడలూ, ఎత్తూ కావాలి. మన అపార్ట్‌మెంట్ల మెట్లదారి ఇందుకు భలే ఉంటుంది, పక్కింటివాళ్లు ఒప్పుకున్న వేళలో. చెవుల్లో ప్లగ్‌లు తప్పనిసరి, అక్కడ మోత రెట్టింపవుతుంది.

గదిలోనే రెండు మైకులతో చేయాలంటే పురికొస తీసుకోండి. ఒక మైకు స్నేర్ మీద నాలుగడుగుల ఎత్తులో. స్నేర్ మధ్య నుంచి దానిదాకా పురికొస కొలిచి, అంతే పొడవుతో రెండోదాన్ని ఫ్లోర్ టామ్ పక్కన, స్నేర్ వైపు చూసేలా పెట్టండి. కొలతలో తేడా వస్తే ఒకే దెబ్బ రెండు మైకులకీ వేర్వేరు క్షణాల్లో చేరి స్నేర్ పీలగా అయిపోతుంది. మెట్లదారిలో ఫోన్‌తో రికార్డు చేస్తే, శబ్దాన్ని ఫోనే పెంచి తగ్గించే ఆటోమేటిక్ గెయిన్ ఆపేసి, మెట్ల మలుపులో పెట్టండి. సింబల్స్ గోలలో బేస్ డ్రమ్ మునిగిపోతుంటే మైకుని కదిపే ముందు సింబల్స్‌ని మెల్లగా, డ్రమ్స్‌ని అదే బలంతో వాయించి చూడండి. అప్పటికీ కుదరకపోతే ఇంకో నాలుగు మెట్లు పైకి జరపండి.